షెడ్డుకు వాచ్‌మన్, సొరంగానికి శాటిలైట్

కొల్హార్‌లో దొంగతనం చేయడం కష్టం. బీదర్ పొలిమేరలోని ఆ పారిశ్రామికవాడలో ఏ షెడ్డు ముందు ఆగినా గేటు ఉంటుంది. గేటు పక్కన గది, గదిలో వాచ్‌మన్, వాచ్‌మన్ ముందు రిజిస్టరు. ఎవరు, ఎక్కడి నుంచి, ఎవరి కోసం, బండి నంబరెంత? ముందు కన్నడంలో అడుగుతాడు. మనం నోరు వెళ్లబెడితే దక్కనీలోకి దిగుతాడు. నంబరు ప్లేటు మీద టీజీ అని చూశాడంటే తెలుగులోనే కానిచ్చేస్తాడు. లోపల ఉన్నది నాలుగు రేకులూ ఎనిమిది డ్రమ్ములే కావచ్చు. అయినా సంతకం పెట్టకుండా ఈగ కూడా లోపలికి పోదు.

ఆ వాడకు దగ్గర్లోనే నౌబాద్ ఉంది. అక్కడ నేల కింద కారేజ్ ఉంది. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానుల కాలంలో తవ్విన నీటి సొరంగం అది. దాని గాలిబావుల్లో జనం ఏళ్ల తరబడి చెత్తా మట్టీ గుమ్మరించినప్పుడు ఎవరూ పేరడగలేదు, బండి నంబరు రాసుకోలేదు, సంతకం పెట్టమనలేదు. అయిదువందల ఏళ్లకు పైబడిన కట్టడానికి కాపలా లేదా అని నొచ్చుకోకండి. ఉంది. కొల్హార్ షెడ్లు కలలో కూడా ఊహించలేని కాపలా. అయిదువందల కిలోమీటర్ల ఎత్తున, ఆకాశంలో ఉంది.

ఈ కాపలాదారు ఆషామాషీ మనిషి కాదు. అసలు మనిషే కాదు, అదే దాని గొప్ప. కార్టోశాట్-3 అని 2019 నవంబరు 27న శ్రీహరికోట నుంచి పైకి పోయింది. 509 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, నేల మీద పాతిక, ముప్పై సెంటీమీటర్ల వస్తువును కూడా విడదీసి చూపగలదు. హైదరాబాద్ మీంచి బీదర్ మీదికి రావడానికి ఇరవై సెకన్లు కూడా పట్టదు, ఎందుకంటే జహీరాబాద్ దగ్గర చాయ్‌కి ఆగే అలవాటు దానికి లేదు. జీతం పెంచమనదు. మేనల్లుడి పెళ్లని ఊరికి పోదు. కోర్టుకెక్కి పర్మనెంటు చేయమనదు. రాత్రిపూట దాని కెమెరాకు ఏమీ కనబడదన్నది, మబ్బు పట్టినా కనబడదన్నది చిన్న విషయాలు. చీకట్లో, వానాకాలంలో మట్టి తోలే ట్రాక్టర్లు అంత సంస్కారహీనంగా ప్రవర్తించవని ప్రభుత్వం నమ్మకం. పైగా ఈ వాచ్‌మన్ బీదర్‌లో కాపురం ఉండడు. దేశమంతటికీ ఒక్కడే. పొలాలు, వరదలు, సరిహద్దులు, రోడ్లు అన్నీ చూసుకోవాలి. ఎవరైనా అడిగితే వచ్చి, ఫోటో తీసుకుని, సాగిపోతాడు. మబ్బుల్లోంచి కూడా చూసే రాడార్ ఉపగ్రహాలు వేరే ఉన్నాయి. గోడ మిల్లీమీటర్ల లెక్కన కుంగినా అవి పసిగట్టగలవు. కుంగిందని అవి చెబితే వినేదెవరన్న ప్రశ్నను మాత్రం ఏ రాకెట్టూ ఇంకా కక్ష్యలో పెట్టలేకపోయింది.

మనుషుల కాపలా మీద మనకు ఇంత విరక్తి ఎందుకు పుట్టిందో తెలియాలంటే లెక్కల దగ్గరికి వెళ్లాలి. కేంద్ర రక్షణలో 3,600 పైచిలుకు కట్టడాలున్నాయని పురావస్తు శాఖ చెబుతుంది. 2013లో కాగ్ వాళ్లు, ఏ దురదృష్టపు గడియలోనో, వాటిలో 1,655 కట్టడాలను కాళ్లతో నడిచి చూసి వచ్చారు. 92 కనిపించలేదు. శిథిలమయ్యాయని కాదు, కనిపించనే లేదు. 2022 డిసెంబరులో సంస్కృతి మంత్రిత్వ శాఖ పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకొచ్చి కొత్త జమాఖర్చు చెప్పింది: 50 కట్టడాలు పోయాయి, వాటిలో 14 పట్టణాల కింద, 12 జలాశయాల కింద, మిగతా 24 ఎక్కడున్నాయో తెలియదు. 2024లో 18 కట్టడాలను జాబితాలోంచే కొట్టేశారు. దొరకని వస్తువు మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే అది పోయినట్టు కాదు గదా. ఆ కొట్టివేతల్లో హర్యానాలోని ముజేసర్ కోస్ మినార్ ఒకటి. కోస్ మినార్ అంటే గడ్డివాములో సూది కాదు. ఎండలో నడిచే బాటసారికి దూరం నుంచే కనబడాలని మొగలులు దారి పొడవునా కట్టించిన స్తంభం. కనబడటమే దాని ఉద్యోగం. దాన్ని పోగొట్టుకోవాలంటే ప్రత్యేకమైన ప్రతిభ కావాలి.

ఆ స్థాయీ సంఘమే ఇంకో అంకె కూడా బయటపెట్టింది. కట్టడాల కాపలాకు 7,000 మంది కావాలి. అప్పటికి ఉన్నది 248 చోట్ల కలిపి 2,578 మంది. ఎందుకు? డబ్బుల్లేవు. న్యాయమే. వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడాన్ని ఏ చానల్ లైవ్‌లో చూపిస్తుంది? ఏ మంత్రి వచ్చి కొబ్బరికాయ కొడతాడు? కౌంట్‌డౌన్ లేని ఉద్యోగానికి గ్లామరెక్కడిది?

ఇక కారేజ్ దగ్గరికి వద్దాం, అసలు తమాషా అక్కడే ఉంది. బీదర్ కూర్చున్నది లేటరైట్ పీఠభూమి మీద. ఆ ఎర్రరాయికి నీటిని పైన నిలవనిచ్చే గుణం లేదు. పడ్డ వానను పీల్చేసుకుంటుంది. కింద నల్లరాతి పొర తగిలేదాకా నీరు దిగుతూనే ఉంటుంది. బహమనీలు గుల్బర్గా వదిలి ఇక్కడికి రాజధాని తెచ్చుకున్నాక కోటకూ దండుకూ ఊరికీ నీళ్లు కావాలి. ఇరాన్‌లో వేల ఏళ్లుగా తెలిసిన విద్య ఒకటి దక్కనుకు నడిచొచ్చింది. ఎత్తయిన చోట తల్లిబావి తవ్వి, అందులో ఊరిన నీటిని కంటికి కనబడనంత సన్నని వాలుతో సొరంగంలో నడిపించడం. నడుమనడుమ పైకి నిలువు బావులు తీశారు. తవ్విన మట్టి పైకి లాగడానికి, లోపలికి గాలి పోవడానికి, పూడిక తీసే మనిషి దిగడానికి, పైనున్నవాళ్లు చేదుకోవడానికి. మోటారు లేదు, కరెంటు లేదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవడం లేదు. నౌబాద్ కారేజ్ పొడవు రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. గాలిబావులు ఇరవైకి పైగా ఉన్నాయి. ఇది కాక బీదర్‌లో శుక్లతీర్థం, జమునా మోరీ అని మరి రెండున్నాయి.

నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దానికి అధిపతిగా వచ్చిన గులాం యాజ్దానీ బీదర్ మీద రాసిన పెద్ద పుస్తకం 1947లో అచ్చయింది. అప్పటికి బీదర్ మన హైదరాబాద్ రాజ్యంలో జిల్లా. ఇప్పటి జహీరాబాద్, నారాయణఖేడ్ కూడా ఆ జిల్లాలోవే. గోడ గోడకూ కొలతలు, శాసనం శాసనానికీ పాఠాలు, పటాలు, ఫోటోలు, అన్నీ ఉన్నాయి అందులో. యాజ్దానీ దగ్గర ఉపగ్రహం లేదు. కాళ్లున్నాయి. మనకాలంలోనూ ఈ సొరంగాల పటం గీసింది కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు మాత్రమే కాదు. కేరళ నుంచి వచ్చిన భూగోళశాస్త్ర అధ్యాపకుడు వి. గోవిందన్‌కుట్టి బురదలోకి దిగి, వంగి నడిచి, కొలిచారు. 2014లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ బీదర్ చారిత్రక నగరాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాకెక్కించింది. ఆ తర్వాత జిల్లా యంత్రాంగం కదిలి నౌబాద్ కారేజ్‌లో పూడిక తీయించింది. నీళ్లు మళ్లీ కనబడ్డాయి. ఇందులో తట్టలున్నాయి, పారలున్నాయి, తాళ్లున్నాయి. శాటిలైట్ పాత్ర ఏమిటంటే, పై నుంచి చూసింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. కారేజ్‌ను ఆకాశం నుంచి పట్టుకోవడం నిజంగా సాధ్యమే. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు కరోనా పేరుతో 1960 నుంచి 1972 దాకా శత్రువుల క్షిపణుల కోసం వెతుకుతూ ఫిల్ములు తీశాయి. 1995లో వాటి మీద గుట్టు ఎత్తేస్తే క్షిపణుల సంగతేమో గానీ పురావస్తువాళ్లకు పండగైంది. పశ్చిమాసియా ఎడారుల్లో పాత ఊళ్లు, బాటలు, కారేజ్‌లు ఆ నలుపు తెలుపు బొమ్మల్లో తేలాయి. నేల కింది సొరంగం కనబడదు. బావుల నోళ్లు, వాటి చుట్టూ తవ్విపోసిన మట్టి గుండ్రాలు మాత్రం వాకిట్లో ముగ్గు చుక్కల్లా వరసగా కనబడతాయి. చుక్కలు కలిపితే సొరంగం.

ఇందులోని కిటుకును మన ఊళ్ల లేఅవుట్ మేధావులు ఏ శాస్త్రవేత్తా చెప్పకుండానే గ్రహించారు. ఆకాశం కారేజ్‌ను గుర్తుపట్టేది నోళ్లను బట్టే. నోరు మూసేస్తే అది లేనట్టే. గాలిబావిలో చెత్త నింపి, మీద స్లాబు వేసి, దాని మీద డాబా లేపినవాడు కట్టడాన్ని చంపడంతో సరిపెట్టలేదు, శవాన్ని కూడా మాయం చేశాడు. తర్వాతి ఫోటోలో అక్కడ కనిపించేది డాబా పైన రెండు నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు. కింద అయిదు శతాబ్దాలు కరెంటు లేకుండా పారిన నీళ్లు, పైన బోరు మోటారుతో ఎక్కించిన నీళ్లు, రెంటికీ మధ్య ఒక కుటుంబం, ట్యాంకరుకు ఫోన్ చేస్తూ.

చట్టం లేకపోలేదు. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, దాని అవతల 200 మీటర్లు నియంత్రితం. దూరం కొలవడానికి ఇస్రో సాయంతో స్మారక్ అనే యాప్ కూడా వచ్చింది. ఇల్లు కట్టాలనుకున్నవాడు తన స్థలంలో నిలబడి ఫోన్ తీస్తే కట్టడానికి ఎంత దూరంలో ఉన్నాడో తెలిసిపోతుంది. చక్కటి ఏర్పాటు. ఫోన్ తీయనివాడి సంగతి యాప్‌కు తెలియదు. అడిగినవాడికి మీటర్ల లెక్క, అడగనివాడికి మూడంతస్తులు. పైగా చట్టం కట్టడం అంచు నుంచి కొలవమంటుంది. రెండు కిలోమీటర్లు నేల కింద సాగే సొరంగానికి అంచు ఎక్కడ? గాలిబావి దగ్గరా, తల్లిబావి దగ్గరా, నీరు ఊరివచ్చే పొలం గట్టు దగ్గరా? ఆ పొలం బోర్లు వేసి పిండేస్తే కారేజ్ మీద ఒక ఇటుక కూడా పడకుండానే కారేజ్ చస్తుంది. ఆ చావును నిషేధించే సెక్షన్ ఏదీ ఆకాశం నుంచి కనబడటం లేదు.

సరే, ఉపగ్రహం చూసిందే అనుకుందాం. నిజాయితీగా కబురూ పంపిందనుకుందాం. ఆ కబురు నేల మీద ఎలా ప్రయాణిస్తుందో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కర్లేదు.

“అయ్యా, ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం దగ్గర మార్పు కనబడుతోంది.”

“ఆ స్థలం మా జాబితాలో లేదు. రెవెన్యూవాళ్లను అడగండి.”

“పహాణీలో అది పట్టా భూమి. కారేజ్ అనే కాలమే లేదు. మున్సిపాలిటీకి రాయండి.”

“లేఅవుట్ మంజూరు చేసింది మేం కాదు. పట్టణాభివృద్ధివాళ్లు.”

“మేం అనుమతి ఇచ్చింది నేల పైన కట్టడానికి. కింద ఏముందో మాకేం సంబంధం?”

ఈలోగా ఉపగ్రహం మళ్లీ వచ్చింది. “అయ్యా, రెండో అంతస్తు కనబడుతోంది.” అప్పటికి ఎక్కడో ఒక సదస్సులో స్లైడు సిద్ధమవుతుంది. ఎడమవైపు ‘ముందు’, కుడివైపు ‘తర్వాత’. పెద్దలు కళ్లజోళ్లు సవరించుకుని చూస్తారు. ఎంత స్పష్టంగా ఉంది, ఆ ట్యాంకు మూత కూడా కనబడుతోంది అంటారు. భోజనానికి లేస్తారు.

చూపు లేక కాదు సుమా మన గొడవ. చూడదలచుకున్నప్పుడు అదే బొమ్మ ఎంత పదునుగా పనిచేస్తుందో మనకు తెలుసు. 2024లో హైదరాబాద్‌లో హైడ్రా అని ఒక సంస్థ పుట్టి, బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్సీ) వాళ్ల పాత ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని, ఏ చెరువు ఎంత కుదించుకుపోయిందో లెక్క తీసి బుల్డోజర్లు పంపింది. ఆ బుల్డోజర్ల తీరు మీద ఎవరి అభిప్రాయం వారికుండవచ్చు. బొమ్మ అబద్ధమని మాత్రం ఎవరూ అనలేకపోయారు. పంజాబ్‌లో రైతు వరి కొయ్యలకు అగ్గిపుల్ల గీస్తే ఉపగ్రహం మంటను పసిగట్టి, ఆ లెక్క పట్టుకుని ఇంటికి జరిమానా నోటీసు వస్తుంది. అగ్గిపుల్లను పట్టుకోగల రాజ్యం అపార్ట్‌మెంటును పట్టుకోలేకపోతోందంటే కంటి డాక్టరు చేయగలిగిందేమీ లేదు.

ఆ ఎన్ఆర్ఎస్సీ ఉన్న నగరంలోనే గోల్కొండ ఉంది. ఇస్రో, పురావస్తు శాఖ చేతులు కలిపి వారసత్వ స్థలాల వివరాలను భువన్ అనే ఇస్రో వెబ్ పటానికెక్కించే పని మొదలుపెట్టి ఏళ్లయింది. ఆసక్తి ఉన్నవాళ్లు గోల్కొండలోని నయా ఖిల్లాను పై నుంచి చూడవచ్చు. కుతుబ్‌షాహీల కోట బురుజుల మధ్య గోల్ఫ్ మైదానం నిగనిగలాడుతుంది. పచ్చదనాన్ని బాగా చూపడానికి శాస్త్రజ్ఞులు వాడే రంగుమార్పు చిత్రంలో ఏపుగా ఉన్న గడ్డి ఎర్రగా వస్తుంది. అంటే ఉపగ్రహం తన చేతనైన పద్ధతిలో ఎర్రజెండా ఊపుతూనే ఉంది. మనం దాన్ని చూసి పచ్చిక ఆరోగ్యంగా ఉందని చదువుకుంటున్నాం.

విశాఖ దగ్గర తొట్లకొండ ఇంకో ముచ్చట. 1976లో నౌకాదళంవాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఆ బౌద్ధ ఆరామం వెలుగులోకి వచ్చింది. తర్వాత తవ్వారు, కట్టారు, బోర్డు పెట్టారు. 2019 అక్టోబరు వానలకు అక్కడి మహాస్తూపం కూలింది. కనిపెట్టడం ఆకాశం వంతు. వాన రాకముందు నీరు పోవడానికి నాలుగు పారల మట్టి తీయడం ఎవరి వంతో మాత్రం ఏ కాగితం మీదా తేలలేదు.

సిరియాలో పాల్మీరా బెల్ ఆలయాన్ని 2015 ఆగస్టు ఆఖరున ఐసిస్ పేల్చేసినప్పుడు, నిజంగా కూలిందా లేదా అని ప్రపంచం తర్జనభర్జన పడుతుంటే, ఐక్యరాజ్య సమితివాళ్లు ఉపగ్రహ చిత్రం చూసి ధ్రువీకరించారు. అవును, కూలింది. అక్కడ అంతకు మించి చేయగలిగింది లేదు. తుపాకుల మధ్యకు ఎవడు పోతాడు? నౌబాద్‌లో తుపాకులు లేవు. వార్డు మెంబరు ఉన్నాడు. అతనికి ఫోన్ కూడా ఉంది.

కొల్హార్ సంగతి సగంలో వదిలేశాను. ఆ వాడలో రసాయనాల ఫ్యాక్టరీలు, మందుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. హైదరాబాద్ సొమ్ముకు ఆ దారి బాగా తెలుసు. గాలిలో వాసన గురించి, బావి నీళ్ల గురించి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఉపగ్రహానికి ఆ షెడ్ల రేకులు అద్దాల్లా మెరుస్తూ కనబడతాయి. ఎన్ని కొత్తగా లేచాయో లెక్కపెట్టి చెబుతుంది. అది నేల మీద పాతిక సెంటీమీటర్లను చూస్తుంది, నేల కింద పాతిక సెంటీమీటర్లను చూడదు. భూగర్భ జలానికి ప్లాటు నంబర్లు చదవడం రాదు, గేటు దగ్గర రిజిస్టరులో సంతకమూ పెట్టదు. నీటితోనే బతికే కట్టడం ఉన్న ఊళ్లో ఆ నీటిలో ఏముందో తెలుసుకోవాలంటే సీసా పట్టుకుని బావిలోకి దిగే మనిషి కావాలి. మళ్లీ మనిషే. మళ్లీ జీతం.

అయినా బీదర్‌కు ఆకాశంతో పాత లావాదేవీలున్నాయి. అష్టూరులో హుమాయూన్ షా సమాధి గుమ్మటం పిడుగు పడి సగం విరిగిపోయింది. మిగతా సగం అలాగే నిలబడి లోపలి భాగాన్ని ఊరికి చూపిస్తుంది. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా 1696లో మందుగుండు పేలి పాడైంది, దానికీ పిడుగే కారణమని కొందరంటారు. వాయుసేన స్థావరం ఉంది గనక శిక్షణ విమానాలు రోజూ కోట మీదుగా పోతూనే ఉంటాయి. ఇన్నాళ్లూ బీదర్ కట్టడాలకు ఆకాశం నుంచి వచ్చినవి పిడుగులూ చప్పుడూ. ఇప్పుడు రక్షణ కూడా అక్కడి నుంచే దిగుతుందంటే నౌబాద్ ముసలివాళ్లు గొడుగు వెతుక్కోవడంలో ఆశ్చర్యం లేదు.

ఫోటోలు ఆపమని ఎవరూ అనడం లేదు. తీయండి, ఇంకా దగ్గరగా తీయండి. తీసిన ఫోటోను సదస్సుకు పంపే ముందు లేఅవుట్ మీద సంతకం పెట్టే అధికారి బల్ల మీద పెట్టండి. కారేజ్ పోయే దారి వెంట రెవెన్యూ నక్షా మీద గీత గీయండి, అది దాటే ప్రతి సర్వే నంబరు పహాణీలో కారేజ్ అని ఒక మాట రాయించండి. తల్లిబావి చుట్టూ కొత్త బోరు వద్దనండి. నౌబాద్ వాళ్లలోంచే ఇద్దర్ని పెట్టి, గాలిబావుల మీద జాలీలు బిగించి, ఒక రిజిస్టరు ఇవ్వండి. దీనికి శ్రీహరికోట దాకా పోనక్కర్లేదు, జిల్లా కచేరీ చాలు.

బీదర్ దగ్గర వెంచర్ పడిందని విని బయానా జేబులో పెట్టుకుని బయల్దేరే తెలుగువాళ్లకు ఒక మాట. ఏజెంటు ఫోన్‌లో శాటిలైట్ వ్యూ చూపించి, ఖాళీ జాగా సార్, క్లియర్ టైటిల్, నీళ్లకు కొదవే లేదు అంటాడు. చివరి ముక్క నిజమే కావచ్చు. అందుకే కారు దిగండి, ఊళ్లో పెద్దవాళ్లను గాలిబావులు ఏ వరసలో ఉండేవో అడగండి, ఆ వరస మీ ప్లాటు కిందుగా పోతుంటే బయానా జేబులోంచి తీయకుండానే ఇంటికి రండి.